ఫ్రెంచి క్యాసెట్లో మా మేక

నా చిన్నప్పుడు, పక్కింటి అక్క ఫ్రాన్సుకు పోతోందన్న కబురు మా ఇంటికి మొదట మోసుకొచ్చింది పాలుపోసే పెద్దమ్మ. "మీ పక్కింటి పిల్ల విమానమెక్కుతాదంటనే!" అని చెప్పి చెంబు నింపి పోయింది. ఆ పూట నేను పాలు ముట్టలేదు.

అక్క భర్త మా మార్కాపురం పలకరాయిని విదేశాలకు పంపేవారి దగ్గర పనిచేసేవాడు. ఆ పని మీద ముందే వెళ్లాడు. అక్క ఒంటరిగా విమానం దిగి, పారిస్‌లో రైలెక్కి ఆయన ఉన్న ఊరు చేరాలి. అందుకని బావ వెళ్లేముందు మద్రాసులో ఎవరి దగ్గరో ఫ్రెంచి పాఠాల క్యాసెట్లు కాపీ చేయించి ఇచ్చాడు.

రోజూ మధ్యాహ్నం నాకు జడవేసి కబుర్లు చెప్పే అక్క, ఇక టేప్‌రికార్డరుకే అంకితమైంది. రెండిళ్ల మధ్య పిట్టగోడ మీద దాన్ని పెట్టుకుని కూర్చునేది. టేపులో ఒకాయన ఒక మాట చెప్పి ఆగేవాడు. ఆ ఖాళీలో అక్క తిరిగి అనాలి. కాలి జబ్బుతో బడికి పోలేని నాకు, చూపు మందగించిన మా నాయనమ్మ సరిగ్గా ఇట్లాగే చదువు చెప్పేది. ఒక పద్యపాదం చెప్పి ఆగేది, తప్పితే మళ్లీ మొదటికి. నాకు వీధి దాటడమే కష్టం, అక్క సముద్రం దాటుతోంది. పైగా నా చదువు పద్ధతిని కూడా ఎత్తుకుపోతోందని ఓర్వలేకపోయాను.

ఒకరోజు అక్క నీళ్లకు వెళ్లినప్పుడు గోడ మీదికి చెయ్యి చాచి, రికార్డు చేసే ఎర్ర మీటనూ పక్క మీటనూ కలిపి నొక్కాను. బిందె చప్పుడు వినిపించేదాకా తియ్యలేదు.

సాయంత్రం టేపు పెడితే మా మేక అరుపు, నాయనమ్మ పూజగంట.

"ఏందే ఇది, ఫ్రాన్సులో గూడా మీ మేకేనా?" అని అక్క నవ్వింది. తర్వాత టేపును అటూ ఇటూ తిప్పి చూసుకుని, ఒక్కసారిగా ముఖం కప్పుకుంది. "దారి అడిగే పాఠం పోయిందే. నాలుగు రోజుల్లో ప్రయాణం. ఆ స్టేషన్లో మూగదాన్ని అయిపోతానే."

నాయనమ్మ నా వైపు తిరిగింది. నేను కళ్లు మూసుకుని, "ఊ ఎ లా గార్, సిల్ వు ప్లే" అన్నాను. స్టేషనెక్కడండీ అని. పాఠమంతా అదే వరుసలో అప్పజెప్పాను.

అక్క నోరు తెరిచింది. "ఎప్పుడు నేర్చినావే?"

"నువ్వు పెట్టినప్పుడంతా ఇంటి లోపల్నుంచి విన్నా. చెరిపింది కూడా నేనే అక్కా. కుళ్లుకున్నా."

దెబ్బ పడుతుందనుకున్నాను. అక్క గోడ దాటి వచ్చి దువ్వెన అందుకుంది. "సరే, నీకు జడేస్తా. ఈ నాలుగు రోజులూ నువ్వే నా టేపు."

నేను ఒక మాట చెప్పి ఆగేదాన్ని, నా జుట్టు పాయలు తీస్తూ అక్క అనేది. తప్పితే, "మొదటికి!" అని నాయనమ్మ లోపల్నుంచి కేకేసేది. చివరిరోజు అక్క ఆ పాఠాన్ని నా గొంతుతోనే క్యాసెట్లో ఎక్కించుకుంది. మేక అరుపును మాత్రం చెరపనివ్వలేదు. నెల తర్వాత ఉత్తరం వచ్చింది: "స్టేషన్లో ఒక ముసలామెను నీలాగే అడిగినా. ఆమె నా చెయ్యి పట్టుకుని రైలెక్కించింది."

నేను ఈనాటికీ మార్కాపురం దాటి ఎక్కువ దూరం పోలేదు. అసూయ నన్ను పూర్తిగా వదిలిందనీ చెప్పను. అది లేచినప్పుడల్లా, టేపులో ఆయనలా ఒక్క క్షణం ఆగుతాను. ఆ ఖాళీలో అక్క దువ్వెన నా తల మీద కదులుతుంది. ఆ చేతిని నాకిచ్చిన మా ఊరి చెన్నకేశవస్వామికి దండం పెట్టుకుంటాను.

మీరెప్పుడైనా ఊరుగాని ఊళ్లో దారి అడగవలసి వస్తే, కొట్టవలసిన చోట జడవేసిన మా పక్కింటి అక్కను ఒక్కసారి తలుచుకోండి.