రాబియా గోలీ

ఆర్మూరు పసుపు మిల్లులో కొమ్ములు ఏరే రాబియాకు ఆ రోజు కాలు నేల మీద నిలవలేదు. హైదరాబాదులో క్యాన్సర్ మీద పరిశోధన చేస్తున్న కూతురు హిబా వీడియో కాల్ చేసింది. అంతే, పక్కన కొమ్ములు ఏరుతున్న నీలవ్వను గుంజి, ఫోను ఆమె ముక్కుకు ఆనించినంత పని చేసింది. రాబియాకు సంబరం వస్తే ఎవరి ముక్కూ మిగలదు మరి!

"అమ్మీ, చూడు! ఇవి రొమ్ము క్యాన్సర్ కణాలు," అంది హిబా, నీలవ్వకు కూడా అర్థం కావాలని తెలుగులోనే.

తెర మీద రెండు బొమ్మలు. ఒకదానిలో కణాలు అంగడి రోజు బస్సులో జనంలా కిక్కిరిసి ఉన్నాయి. రెండోదానిలో అక్కడక్కడా ముడుచుకుపోయి ఉన్నాయి.

"ఆడోళ్ల ఒంట్ల ఈస్ట్రోజెన్ అని హార్మోన్ ఉంటది గదా. అది ఒంట్లనే మారి వేరే వేరే పదార్థాలైతది. గీ గిన్నెల ఒకటి పోసిన, కణాలు మస్తు పెరిగినయ్. గా గిన్నెల ఇంకోటి పోసిన, ఆగిపోయినయ్! మళ్ల మళ్ల చేసిన అమ్మీ, గట్లనే వచ్చింది!"

"యా అల్లా! నా బిడ్డ క్యాన్సర్‌ను ఆపింది!" రాబియా కేకకు షెడ్డులోని ఆడవాళ్లంతా కొమ్ములు వదిలేసి పరుగెత్తుకొచ్చారు.

"జర ఆగు అమ్మీ! ఇది గిన్నెల ముచ్చటే. మందు కావాలంటే ఇంకా మస్తు దూరముంది. నీకైతే నీ గోలీనే దిక్కు. నీ రొమ్ముల వచ్చిన గడ్డ గా హార్మోన్‌తోని పెరిగే రకం. ఒంట్ల గా హార్మోన్ తయారు గాకుండ గోలీ ఆపుతది. రోజూ ఏసుకుంటున్నవ్ గదా?"

రాబియా ఎక్కడ వేసుకుంటోంది! ఆపరేషన్ అయ్యాక ఇచ్చిన ఆ గోలీలు వేసుకుంటే మోకాళ్లు పట్టేస్తున్నాయని రంజాన్ నుంచీ మానేసింది. పొద్దంతా పసుపు పీలుస్తున్నాను, పడుకునే ముందు పసుపు పాలు తాగుతున్నాను, ఇంకా గోలీ ఎందుకట! పసుపు ఊళ్లో ఎవరిని అడిగినా ఇదే వైద్యం చెప్తారు, ఏం చేస్తాం!

తెర మీద కిక్కిరిసిన ఆ కణాలను మళ్లీ చూసింది. తన ఒంట్లోనూ ఇలాగే కిక్కిరిస్తే? బిడ్డ మొహమేమో సంతోషంతో వెలిగిపోతోంది. ఇప్పుడా చెప్పడం? ఇంతమందిలోనా?

"బేటీ... నేను బంద్ చేసిన," అంది చివరికి.

హిబా నవ్వు ఆగిపోయింది. "అమ్మీ, నేను గీ చదువు ఎవరి కోసం చదివిన?" అని కళ్లు తుడుచుకుంది. "డాక్టర్ మేడమ్‌కు ఇప్పుడే ఫోన్ చేస్త. నొప్పులకు ఏదన్న మార్గం చెప్తది. గోలీ మాత్రం ఇడువకు."

నీలవ్వ ఊరుకుంటుందా! రాబియా సంచి బోర్లించింది. టిఫిన్ డబ్బాతో పాటు, రంజాన్ నుంచీ అడుగునే పడి ఉన్న గోలీల పట్టీ బయట పడింది. "మింగు! నా కండ్ల ముంగట మింగు," అని నీళ్ల సీసా అందించింది.

"బేటీ, ఫోన్ పెట్టకు," అంటూ రాబియా పసుపు చేతులతోనే గోలీ నోట్లో వేసుకుని గుటుక్కున మింగింది. ఆ వెంటనే నోరు బార్లా తెరిచి ఫోనుకు చూపించింది. హిబా చిన్నప్పుడు జ్వరం మందు పోసి, మింగిందో లేదోనని బిడ్డ నోరు రాబియా ఇలాగే తెరిపించి చూసేది.