నూరులో కలవని నెత్తురు

మోకాలి ఆపరేషన్ అయి ఇంటికి వచ్చిన నాకు, కాళ్లల్లో నెత్తురు గడ్డకట్టకుండా మా కోడలు రోజూ సాయంత్రం పొట్ట మీద సూది వేస్తుంది. మన ఈడు వాళ్లలో చాలామందికి ఈ సూది పరిచయమే అయి ఉంటుంది. ఆ మందు తనంతట తాను చేసేది తక్కువనీ, మన నెత్తురులోనే పుట్టుకతో ఉండే ఆంటీథ్రాంబిన్ అనే కాపలాదారును తట్టి లేపుతుందనీ చెబితే, అత్తకు మళ్లీ ల్యాబ్ గుర్తుకొచ్చిందని నవ్వి ఊరుకుంది. ఆమెను అనేదేముంది, నల్లగొండలో ల్యాబ్ టెక్నీషియన్‌గా ఉండగా కళ్లారా చూసేదాకా నేనూ నమ్మలేదు.

తెలంగాణ వచ్చిన కొత్తలో మా దవాఖాన డాక్టరమ్మ ఆ కాపలాను కొలిచే పరీక్ష మొదలుపెట్టారు. కొలవాలంటే ముందు ఆరోగ్యం అంటే అది ఎంత ఉండాలో తెలియాలి కదా, అందుకని జబ్బులేవీ లేనివాళ్ల నెత్తురు తీసి, పైన తేరిన ప్లాస్మాను ఒక్కటిగా కలిపి, అందులో ఉన్న కాపలాను నూటికి నూరు అనుకునేవాళ్లం. ఆటో నడిపేవాళ్లు, పాస్టరుగారి భార్య, బత్తాయి తోటల రైతులు, నేను, అందరం అందులో ఉన్నాం. ఊళ్లో ఒకరి గడప ఒకరు తొక్కని ఇళ్లవాళ్లు ఒకే గొట్టంలో ఏ తేడా తెలియకుండా కలిసిపోవడం చూస్తే నాకు ఒళ్లు పులకరించేది.

అప్పుడే కట్టంగూర్ నుంచి ఒక తల్లి తన బిడ్డను తీసుకొచ్చింది. మొదటి కాన్పు తర్వాత ఆ పిల్లకు కాలి నరంలో నెత్తురు గడ్డకట్టి ప్రాణం మీదికి వచ్చిందట. ఇప్పుడు మళ్లీ నెల తప్పింది, ఈ కడుపు నిలుపుకోవచ్చా లేదా అన్నది తేలాలి. పరీక్ష చేస్తే కాపలా సగమే ఉంది. మేము ఆరోగ్యవంతుల నెత్తురు తీస్తున్నామని విన్న ఆ తల్లి, అది తన బిడ్డకు ఎక్కించడానికే అనుకుని మర్నాడు పొద్దున్నే వచ్చి వరుసలో కూర్చుంది. పత్తి చేలల్లో పనిచేసే గట్టి మనిషి, జ్వరమన్నది ఎరగనంటుంది, ఇంతకన్నా ఆరోగ్యం ఎవరికుంటుందని నేను సంతోషంగా సూది గుచ్చాను.

కలిపే ముందు ఎవరిది వాళ్లది విడిగా చూడాలని డాక్టరమ్మ నియమం. ఆ పరీక్షలో కాపలా తగ్గినకొద్దీ గొట్టంలో పసుపు రంగు చిక్కబడుతుంది. మా అందరివీ లేతగా ఉంటే, ఆమెది మాత్రం అచ్చం బిడ్డదానిలాగే చిక్కగా వచ్చింది. మళ్లీ చేసినా అంతే.

ఇది తల్లి నుంచి బిడ్డకు వచ్చిందని డాక్టరమ్మ మెల్లగా చెబితే, ఆమె తన రెండు చేతులూ చాపి చూపిస్తూ అడిగింది.

"సగమే ఉంటే నలుగురిని ఎట్ల కన్న? నాకేం కాలే. నా బిడ్డకే ఎందుకైంది డాక్టరమ్మా?"

తెలియదమ్మా, అన్నారు డాక్టరమ్మ. కారణం పట్టుబడింది కనుక కడుపు నిలుపుకోవచ్చనీ, ఉన్న సగం కాపలానే తట్టి లేపేందుకు కాన్పు దాకా, ఆ తర్వాత కొన్నాళ్లూ రోజూ ఇదే సూది వేయాలనీ చెప్పారు. ఆ సూది వేయడం ఆ తల్లే నేర్చుకుంది, బిడ్డను తల్లిగారింటనే ఉంచుకుని ఒక్క పూట తప్పకుండా వేసింది. ఆడపిల్ల పుట్టింది, తల్లీబిడ్డలిద్దరూ క్షేమం. ఆ పసికందును చూపించడానికి తెచ్చిన రోజు ల్యాబ్‌లో ఎవరమూ పని చేయలేదు.

ఇప్పుడు ఆ నూరు చిన్న సీసాలో కంపెనీ నుంచి వస్తుందట, అందులో ఎవరెవరున్నారో ఎవరికీ తెలియదు. పని తేలికైంది, మంచిదే, కానీ పొద్దున్నే చేతులు చాపి వరుసలో కూర్చునే ఆ మనుషులు లేరు. ఆ తల్లి నెత్తురును మేము నూరులో కలపలేదు, కలపకూడదు కూడా. అయినా ఆరోగ్యం అన్న మాట వినబడితే నాకు ముందు ఆమె ముఖమే కనబడుతుంది.