సుభద్ర చూడని చిరుతపులి

నిన్న ఉదయం ఫోన్ మోగినప్పుడు నేను గ్యాస్ స్టేషన్‌లో ఉన్నాను.

హాస్పిటల్ నుంచి మా అమ్మాయి మాధవి. "నాన్నా, డ్రైవ్ చేస్తున్నావా? కార్ ఆపు" అంది.

ఆపే ఉందమ్మా, అన్నాను.

ఆ తర్వాత తను మాట్లాడలేకపోయింది. నాకు తెలిసిపోయింది.

స్నానం చేసి వస్తానని సుభద్రకి చెప్పి అప్పుడే హాస్పిటల్ నుంచి బయల్దేరాను. బాగానే ఉంది. నీలం చొక్కా వేసుకురండి, ఇది నలిగిపోయింది అని కూడా చెప్పింది.

నా భార్య సుభద్ర ఇక లేదు.

ఈ ఒక్క వాక్యం టైప్ చేయడానికి ఇవాళ్టి వరకూ పట్టింది.

ఎవరికీ చెప్పని సంగతి ఒకటి రాస్తాను. ఎనభైల మొదట్లో తను ఈ దేశాన్ని వదిలేసి వెళ్ళిపోయేదే. నన్ను కూడా.

డెబ్భైల చివర్లో ఇక్కడికి వచ్చాం. నాకు కార్ల కంపెనీలో ఉద్యోగం. ఫార్మింగ్టన్ హిల్స్‌లో అపార్ట్‌మెంట్. తను రోజుకి పాతికమంది తినే ఇంట్లో పెరిగింది. ఇక్కడ ఇద్దరికి వండాలి. చేతికి ఆ కొలత రాలేదు. రోజూ మిగిలేది. తలుపు తట్టేవాళ్ళు లేరు.

నాలుగో చలికాలం అయ్యాక ఇండియా ప్రయాణం పెట్టుకున్నాం. బయల్దేరే ముందు తన వింటర్ కోట్ పక్కింటావిడకి ఇచ్చేసింది.

ఎందుకిచ్చావు అని అడిగాను.

"నేను మళ్ళీ రానేమోనండీ" అంది.

కోపంగా అనలేదు. అందుకే భయం వేసింది.

దారిలో కెన్యాలో దిగాం. నైరోబీలో లెక్చరర్‌గా ఉన్న నా కాలేజ్ ఫ్రెండ్ మా కోసం ఒక సఫారీ లాడ్జ్‌లో మూడు రోజులు బుక్ చేశాడు.

నది ఒడ్డున గడ్డి కప్పు వేసిన కాటేజీలు. మంచం మీద దోమతెర. ఎదురుగా ఇసుకలో మొసళ్ళు. మేం టీ తాగుతుంటే అవతల ఏనుగులు నీళ్ళలోకి దిగేవి. టేబుల్ మీది పంచదార కోతులు ఎత్తుకుపోయేవి.

"ఇంతదూరం వచ్చినా కోతులు తిరుమల కోతులే" అంది. ప్రయాణం మొత్తంలో అదే మొదటి నవ్వు.

ఆ లాడ్జ్‌లో ఒక పద్ధతి ఉండేది. సాయంత్రం జోసెఫ్ అనే అతను పడవలో అవతలి ఒడ్డుకి వెళ్ళి, ఒక చెట్టుకొమ్మకి మేక తొడ కట్టి వచ్చేవాడు. చిరుతపులి వచ్చి తింటుంది. గెస్టులందరూ వరండాలో కూర్చుని దాని కోసం చూస్తారు.

మాంసం పేరెత్తితేనే ముఖం తిప్పుకునే మనిషి సుభద్ర. లోపలికి వెళ్ళిపోతుందనుకున్నాను. వెళ్ళలేదు. కుర్చీ ముందుకి లాక్కుంది.

మొదటి రోజు చిరుత రాలేదు. రెండో రోజూ రాలేదు. డిన్నర్ గంట కొట్టగానే అందరూ లేచిపోయారు. తను లేవలేదు.

భోజనానికి రావా, అన్నాను.

"పెట్టింది పెట్టినట్టే ఉందండీ. ఒక్కళ్ళమైనా కూర్చోవద్దూ?"

కాసేపటికి మళ్ళీ తనే అంది. "మా ఇంట్లో అన్నం మిగిలితే వీధిలోకి వెళ్ళి ఎవర్నో ఒకర్ని పిలుచుకొచ్చేవాళ్ళం. అక్కడ నేను ఎవర్ని పిలవనండీ?"

పక్కన కూర్చున్నాను.

మర్నాడు పొద్దున జోసెఫ్‌ని అడిగింది, అసలు రాకపోతే ఏం చేస్తారని. "ఇవాళ మళ్ళీ కడతాను మేడమ్" అన్నాడు. వేరే ఏం చేస్తారు అన్నట్టు చూశాడు.

మూడో రోజు కూడా కట్టాడు. చలిగా ఉందని సుభద్ర శాలువా కోసం గదికి వెళ్ళింది. సరిగ్గా అప్పుడే చిరుత వచ్చింది.

నేను చూశాను. కొమ్మ మీద పొడుగ్గా పడుకుని, తొందర లేకుండా తింది. లేచి తనని పిలవాలనిపించింది. ఎవరూ కదలకండి అని జోసెఫ్ సైగ చేశాడు.

తను వచ్చేసరికి తాడు మాత్రమే ఊగుతోంది.

అయ్యో, ఇప్పుడే వెళ్ళిపోయింది, అన్నాను.

"తిందా?"

తింది.

"మొత్తం?"

మొత్తం.

"ఇంకేం మరి" అంది. శాలువా కప్పుకుని, ఆ ఖాళీ కొమ్మని చూస్తూ చాలాసేపు కూర్చుంది. ముఖం తేటగా ఉంది.

నైరోబీకి తిరిగి వచ్చే వ్యాన్‌లో, దుమ్ములో, ఉన్నట్టుండి అంది. "గుంటూరులో ఒక పెద్ద కుక్కర్ కొనాలండీ. మన ఇంట్లోది చాలదు."

ఎన్ని లీటర్లది, అని మాత్రం అడిగాను. ఇంకేమైనా అడిగితే మనసు మార్చుకుంటుందేమోనని.

తిరిగి వచ్చింది. కొత్త కోట్ కొనుక్కుంది. ఫోన్ బుక్ ముందేసుకుని, తెలుగు ఇంటిపేరులా కనిపించిన ప్రతి ఒక్కరికీ ఫోన్ చేసింది. "మేమెవరమో మీకు తెలియదు. పర్లేదు, ఆదివారం భోజనానికి రండి." మొదట దొరికినవాళ్ళు తెలుగువాళ్ళు కాదు, తమిళులు. వాళ్ళూ వచ్చారు. సాంబారులో బెల్లమేమిటని పోట్లాడుకుని, మళ్ళీ ఆదివారం కూడా వచ్చారు.

ఇది చదువుతున్న మీలో చాలామంది అలా తను ఫోన్ చేస్తే వచ్చినవాళ్ళే. మీరు రాకపోతే తను ఈ దేశంలో ఉండేది కాదు. అది మీకు తెలియాలి. థాంక్స్ చెప్పే పని ఇన్నేళ్ళూ మీరే చేశారు. ఇవాళ నేను చెబుతున్నాను.

మాధవి నన్ను తనతో ఆల్ఫరెట్టా వచ్చేయమంటోంది. ఇప్పుడే రానన్నాను.

అంత్యక్రియల వివరాలు మాధవి పోస్ట్ చేస్తుంది.

ఆదివారం ఇంట్లో భోజనం ఉంటుంది. మైల పట్టింపు ఉన్నవాళ్ళు పదో రోజు దాటాక వచ్చే ఆదివారం రండి. వంట నాదే. పప్పు, అన్నం, పెరుగు. ఉప్పు సంగతి చెప్పలేను.

సుభద్రా, ఇంతమందికి వడ్డించావు. ఇక నువ్వు కూర్చో.

ప్రశాంతంగా ఉండు.