ఒక్క చెట్టు కాయలు

ఎనిమిదేళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. దాన్ని బరువు అనొచ్చో లేదో కూడా తెలియదు. రోజంతా గుర్తుండేదేమీ కాదు. వంట చేస్తాను, పిల్లల్ని స్కూలుకి పంపుతాను, నవ్వుతాను. మామిడికాయలు కోతకొచ్చే రోజుల్లో మాత్రం అన్నం సహించదు. మావారికి చెప్పలేదు. మా అమ్మకీ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాను. ఇది ధైర్యమా, పిరికితనమా? అదీ తేల్చుకోలేకపోయాను.

మాది పెద్దాపురం పక్కన మామిడితోట. ఆ చుట్టుపక్కల కోత ఎప్పుడు మొదలుపెట్టాలో చెప్పేది సూర్రావు గారు. ఆయన మాట లేకుండా ఎవరూ కాయ దించేవారు కాదు. మామిడికాయని పచ్చిగా ఉండగానే కోయాలి, కానీ ముదిరి ఉండాలి. తొందరపడి లేతగా కోస్తే గడ్డిలో ఎన్నాళ్ళు మాగవేసినా పండదు, తోలు ముడతలు పడి లోపల పుల్లగానే ఉండిపోతుంది. తొడిమకి రెండు పక్కలా కాయ నిండుగా ఉబ్బిందో లేదో ఆయన బొటనవేలితో తడిమి చూసేవారు. చివరికి నీళ్ళ తొట్టిలో వేయించేవారు. ముదిరిన కాయ మునుగుతుంది, లేతది తేలుతుంది. మోకాళ్ళ నొప్పులొచ్చాక తోటంతా తిరగలేక, పది కాయలు తెప్పించుకుని తోట గేటు దగ్గరే కూర్చుని చూసేవారు. ఆ పదీ ఎక్కడెక్కడివి తేవాలో ఆయనే చెప్పేవారు. ఎండ కొమ్మవి కొన్ని, నీడ కొమ్మవి కొన్ని, ముందు పూసిన చెట్లవీ, ఆలస్యంగా పూసినవాటివీ.

ఆ ఏడు మా తోట రెండు విడతలుగా పూసింది. బోరు పక్కనున్న చెట్టు అన్నిటికంటే ముందు పూసింది, చివరి వరసలు బాగా వెనకబడ్డాయి. మావారు లారీ మాట్లాడటానికి వెళ్తూ, కాయలు తెచ్చే పని నాకు అప్పజెప్పారు. కాయ పడేందుకు చివర వలసంచిలా చిక్కం కట్టిన గెడ పట్టుకుని వెళ్ళిన నేను బోరు చెట్టు దగ్గరే ఆగిపోయాను. పది కాయలూ అక్కడే కోశాను. చెట్ల మధ్య కాసేపు అటూ ఇటూ తిరిగి, బుట్ట తెచ్చి సూర్రావు గారి ముందు పెట్టాను.

ఎందుకు? చీమల భయం అని ఇన్నాళ్ళూ నాకు నేనే చెప్పుకున్నాను. చివరి వరసల నిండా ఎర్రచీమల గూళ్ళు. గెడ తగిలితే చాలు, నెత్తి మీద రాలతాయి. అది నిజమే. కానీ అంతకుముందు ఏడు నేను తెచ్చిన కాయలు చూసి, ఇకమీదట తెలిసినవాళ్ళని పంపించమని సూర్రావు గారు మావారితో అనడం నా చెవిన పడింది. ఆ కోపం లోపలెక్కడో మిగిలి ఉందేమో? లేక కోత తొందరగా అయిపోతే పుట్టింటికి వెళ్ళొచ్చన్న ఆశా? ఒక్కోసారి ఒక్కోటి నిజమనిపిస్తుంది. ఇవేవీ కావు, ఊరికే బద్ధకం అనిపించిన రోజున మాత్రం ఇంకా సిగ్గేస్తుంది, బద్ధకానికి ఒక మనిషి పేరు పోగొట్టానని ఎవరితో చెప్పుకోను?

పది కాయలూ మునిగాయి. సూర్రావు గారు తొట్టిలోకి చాలాసేపు చూశారు.

“ఒక్కటీ తేల్లేదేంటమ్మా? ఎప్పుడూ ఒకటో రెండో తేల్తాయి గదా. అన్ని చెట్లూ తిరిగావా?”

“తిరిగానండి.”

“ఆ చివరి వరసలవి కూడా కోశావా?”

“కోశానండి బాబాయి గారూ.”

ఆయన నా చేతుల వైపు చూశారు. “చీమలు కుట్టలేదా తల్లీ?”

“తువ్వాలు చుట్టుకున్నానండి.”

తొట్టిలోంచి ఒక కాయ తీసి తొడిమ పక్కన తడిమారు. “సరే, నువ్వు చూసి తెచ్చావు గదా. కోసేయమని చెప్పు అబ్బాయికి.”

రెండు రోజుల్లో తోటంతా దించేశారు. గడ్డిలో మాగవేసిన కాయల్లో ఏవో కొన్ని పండాయి. మిగతావన్నీ ముడుచుకుపోయాయి. మావారు వాకిట్లో నలుగురి ముందూ ఆయన్ని నిలదీశారు. ముడతలు పడ్డ కాయని చేతిలో తిప్పుకుంటూ, తన అంచనా తప్పిందని ఒప్పుకున్నారాయన. నేను గుమ్మంలోనే ఉన్నాను. ఆయన నా పేరు ఎత్తలేదు. నా వైపు చూడనైనా లేదు. నోరు తెరిస్తే ఒక్క నిమిషం పని. తెరవలేదు. మరుసటి ఏడు నుంచి ఏ తోటవాళ్ళూ ఆయన్ని పిలవలేదు.

ఆయనకి తెలుసా? నా చేతుల మీద ఒక్క దద్దురు కూడా లేకపోవడం చూసినప్పుడే తెలిసిందా? ఇంటి కోడలిని నలుగురిలో నిలబెట్టడం ఎందుకని ఊరుకున్నారా? లేక నిజంగానే నా మాట నమ్మి, తన కంటినే అనుమానించుకున్నారా? ఏది నిజమైతే నాకు తేలికగా ఉంటుందో ఆలోచిస్తాను. రెండూ తేలిక కావు.

మొన్న కొన్ని పళ్ళు తీసుకుని వాళ్ళింటికి వెళ్ళాను. చెప్పేద్దామనే వెళ్ళాను. ఆయన ఒక పండు తీసుకుని, పాత అలవాటు కొద్దీ తొడిమ పక్కన బొటనవేలు పెట్టారు. వెంటనే వేలు తీసేశారు. పండు నా చేతికిచ్చి, ఇది పండిందో లేదో చూసి చెప్పమ్మా, నాకు తెలియడం లేదు అన్నారు. పండిందండి అన్నాను. ఇంకో మాట అడక్కుండా చాకు అందుకున్నారు.

చెప్పకుండానే వచ్చేశాను. ఇది రాస్తుంటే కాస్త ఊపిరాడుతోంది, అంతకుమించి ఏమీ మారలేదు. ఆయనకి చెప్పాల్సిన మాట మీకు చెబుతున్నాను. ఆ పది కాయలూ బోరు పక్క చెట్టువేనండి. సూర్రావు గారి కన్ను తప్పలేదు.