అమ్మమ్మ గంజు ఏది

నేను తత్వశాస్త్రం చదువుతున్నానంటే మా లాల్‌దర్వాజా గల్లీలో చాలామంది నమ్మలేదు. నమ్మినవాళ్లు జాలిపడ్డారు. పైగా నేను పరిశోధన చేసింది నాలుగు వందల ఏళ్ల కిందటి ఒక స్పెయిన్ పాదిరి మీద. పాదిరి అనగానే మా చర్చి పెద్దలు మాత్రం మురిసిపోయారు. ఆయన వేసుకున్న ప్రశ్న ఏమిటో చెబితే ఆ మురిపెం కూడా పోతుందని నేను నోరు విప్పలేదు.

ప్రశ్న ఇది. ఒకే రకం వస్తువులు రెండున్నాయి. రంగు, రూపు, కొలత అన్నీ ఒకటే. అయినా ఇది ఇదే, అది అదే. దీన్ని ఇదిగా చేసేది ఏమిటి? అది తయారైన పదార్థమని కొందరు పండితులు, లోపల 'ఇదితనం' లాంటిదేదో దాగి ఉంటుందని మరికొందరు కొట్టుకుచచ్చారు. మా పాదిరి మాత్రం, పైనుంచి ఏదీ వచ్చి చేరనక్కర్లేదు, వస్తువు తానుగా ఉండటమే చాలు అన్నాడు. మనం దాన్ని ఎలా గుర్తుపడతామన్నది వేరే సంగతి. ఈ నాలుగు ముక్కలూ రాయడానికి నాకు ఐదేళ్లు పట్టింది. మా అమ్మ అంతా విని, "గింతేనా? గిది నాకు తెల్వదా?" అంది. ఒళ్లు మండింది నాకు.

రెండేళ్ల కిందట నాన్న ఫ్యాక్టరీ ఉద్యోగం నుంచి రిటైరయ్యాక సంతోష్‌నగర్‌లో చిన్న ఫ్లాటు తీసుకున్నాం. లాల్‌దర్వాజాలో మేమున్నది రెండు పోర్షన్ల అద్దె ఇల్లు. పక్క పోర్షన్‌లో ఉండే ఆమె మా అమ్మను అక్కా అంటుంది కాబట్టి నాకు చిన్నమ్మ. ముప్పై ఏళ్లుగా రెండు వంటిళ్లకూ మధ్య ఉన్నది పేరుకే గోడ. బోనాలకు వాళ్ల బెల్లన్నం మాకు వచ్చేది. క్రిస్మస్‌కు మేం నూనెలో వేయించే గులాబీ పూల పిండివంట వాళ్లకు వెళ్లేది. వచ్చిన గిన్నెను ఖాళీగా తిప్పి పంపడం తప్పు కాబట్టి అందులో ఏదో ఒకటి వేసి పంపేవాళ్లు, మళ్లీ అటునుంచి ఇంకోటి. గిన్నెలు మాకంటే ఎక్కువ తిరిగాయి.

అసలు చిక్కంతా రెండు స్టీలు గంజులతో వచ్చింది. గంజు అంటే మేం అన్నం వండుకునే లోతు గిన్నె. ఒకటి మా అమ్మమ్మది. కూతురి పెళ్లికి కొత్త సామాను కొనలేక తన వంటింట్లోని గంజునే తోమి ఇచ్చేసిందట. అమ్మమ్మ పోయాక ఆమెది అని చెప్పుకోవడానికి అమ్మకు అదొక్కటే మిగిలింది. చిన్నమ్మ కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు ఆ గంజు చూసి ముచ్చటపడితే, అమ్మే పత్తర్‌గట్టి బజారుకు తీసుకెళ్లి అచ్చం అలాంటిదే ఇప్పించింది. అప్పట్లో ఏ ఇంట్లోనైనా స్టీలు సామాను మీద పేరు చెక్కించేవాళ్లు. అమ్మమ్మ కొన్న రోజు కరెంటు లేక ఆ చెక్కే మిషన్ ఆడలేదు. చిన్నమ్మ కొన్న రోజు కరెంటు ఉంది. కానీ ఆమె, "పేరెందుకక్కా, ఉన్నయే రెండిండ్లు" అందట. ఆ ఒక్క మాట వల్ల తర్వాత మా ఇంట్లో ఎంత లొల్లి జరిగిందో!

సామాన్లు సర్దే రోజు పొద్దున అమ్మ చేతిలో గంజు పట్టుకుని ఆగిపోయింది. "గిది మాది కాదనిపిస్తుంది" అంది. అడుగున అమ్మ పెట్టుకున్న గోళ్ల రంగు చుక్క ఎప్పుడో మాడిపోయింది. చిన్నమ్మ తన గంజు తెచ్చింది. రెండూ వాకిట్లో పక్కపక్కన పెట్టారు. ఇద్దరూ కలిసి నావైపు చూశారు.

"గింతగనం సదివినవ్ గదా బిడ్డా, జెర చెప్పు. మా అమ్మది ఏది?"

నా జన్మలో అంత కష్టమైన వైవా లేదు. పరువు దక్కించుకుందామని రెండు గంజులూ ఎత్తుకుని గల్లీ చివరి కిరాణా దుకాణానికి వెళ్లి కాంటా మీద పెట్టించాను. "ఏంది బిడ్డా, ఖాళీ గంజులు తూకమేపిస్తున్నవ్, పానం మంచిగుందా?" అన్నాడు దుకాణదారు. పది గ్రాముల తేడా వచ్చింది. ఎవరిది ఎక్కువ తూగాలో మాత్రం ఎవరికీ తెలియదు. తల దించుకుని తిరిగొచ్చాను.

అప్పటికి అమ్మ ఓపిక అయిపోయింది. రెండిట్నీ లాక్కుని, కళ్లు మూసుకుని అంచుల కింద వేలితో తడిమింది. ఒక దాని దగ్గర ఆగి, "గిదే! సొట్ట చూడు! నేను లేటుగా ఇంటికొచ్చిన్నని మా అమ్మ గంజు ఇసిరింది. నాకు తగల్లే, గోడకు తగిలింది. గిదే గా సొట్ట" అంటూ గంజును గుండెలకు హత్తుకుని ఏడ్చేసింది. చిన్నమ్మ రెండో గంజును చేతిలోకి తీసుకుంది. తర్వాత, "అవునక్కా, గది నీదే" అంది. మేం సంతోష్‌నగర్ వచ్చేశాం. అమ్మ ఆ గంజులోనే అన్నం వండుతూ, తోముతున్నప్పుడల్లా ఆ సొట్టను నిమిరేది. చూసి నాకూ సంతోషంగా ఉండేది.

ఏడు నెలల తర్వాత ఒక ఆదివారం చిన్నమ్మ రెండో గంజు నిండా సకినాలు పట్టుకుని మా ఫ్లాటుకు వచ్చింది. చాయ్ కూడా తాగలేదు. కూర్చుంటూనే చెప్పేసింది.

"అక్కా, గా సొట్ట నాది. స్టవ్ మీదికెళ్లి కింద పడితే పత్తర్‌గట్టిల సుత్తె పెట్టి సాపు చేపిచ్చిన, అయినా జెర మిగిలింది. గా రోజు నువ్వు ఏడుస్తుంటే నీ చేతులకెళ్లి ఎట్ల గుంజుకోవాలె? గీ ఏడు నెలలు మీ అమ్మ గంజు పొయ్యెక్కియ్యలే. చూసినప్పుడల్లా దొంగతనం చేసినట్టే ఉండె."

అమ్మ సకినాలు పళ్లెంలోకి వంచి, ఆ గంజును ఒళ్లో పెట్టుకుంది. అంచు కింద చుట్టూ తడిమింది. ఎక్కడా గీత కూడా లేదు. భయపడినట్టు నావైపు తిరిగి, "నాకేం అనిపిస్తలేదే" అంది. దీన్ని ముట్టుకుంటే కన్నీళ్లు రావాలి కదా! ఇన్నాళ్లూ ఆ కన్నీళ్లన్నీ చిన్నమ్మ గంజు మీద ఖర్చయిపోయాయి.

"పోనీ గదే ఉంచుకో అక్కా. అలవాటైంది గదా" అంది చిన్నమ్మ, మెల్లగా. "మరి గోడకు కొట్టిన సొట్ట ఏమైంది?"

"గోడకే పడ్డట్టుంది" అంది అమ్మ. చిన్నమ్మ ఫక్కున నవ్వింది. దాంతో అమ్మకూ నవ్వు ఆగలేదు.

నవ్వు తగ్గాక అమ్మ లేచి వంటింట్లోంచి సొట్ట గంజు తెచ్చి చిన్నమ్మ చేతిలో పెట్టింది. ఆ రెండోది తీసుకుని, బియ్యం కడిగి, నాన్నతో కలిపి మా నలుగురికీ సరిపడా ఎసరు పెట్టింది. నేను వెనకాలే వెళ్లి, "ఏం అనిపిస్తలేదన్నవ్ గదమ్మా?" అన్నాను.

"నేను గుర్తుపట్టకపోతే మా అమ్మది కాకుంట పోతదా?" అంది అమ్మ, స్టవ్ వెలిగిస్తూ.