పొద్దున్నే తినాల్సిన పులుసు

మా ఇంట్లో నా భార్య చివరిసారి వండింది బొమ్మిడాయిల పులుసు. అది నేను తినలేదు. ఈ సంగతి ఎవరికి చెప్పినా "ఇంతేనా" అన్నట్టు చూస్తారు. వాళ్ళకు అర్థమయ్యేలా నోటితో చెప్పడం నాకు చేతకాలేదు, అందుకే రాస్తున్నాను.

నెల్లూరు దగ్గర సముద్రం వైపున్న మా ఊళ్ళలో చేపల పులుసు వండిన పూటే తినరు. మట్టి చట్టిలో వండి, మామిడికాయ ముక్కలు వేసి, దించి, మూత పెట్టి ఒక మూలన ఉంచుతారు. పులుపు, కారం ముక్కలోకి దిగడానికి ఒక రాత్రి పడుతుంది. ఆ సాయంత్రం వాసనకు ఆగలేక నేను వంటింటి దాకా వెళ్తే, ఆమె గుమ్మానికి చెయ్యి ఆనించి దారికి అడ్డంగా నిలబడింది.

"చట్టి ముట్టుకోబాక. పొద్దున్నే తిందువుగానిలే."

"ఈసారైనా ఉప్పు సరిగ్గా వేసినావా? ఈమధ్య నీ కూరలు చప్పిడిగా ఉండాయి."

"కూరలకేం కాలా. నీ నాలుకే ముసలిదైపోయింది. పో, పోయి ఆ పేపరు చదువుకో."

ఆమె నాతో ఆడిన ఆఖరి మాటలు అవి. తెల్లవారేసరికి ఆమె లేదు. గుండె ఆగిందన్నారు.

చావు జరిగిన ఇంట్లో వండిన పదార్థం ఉంచరు. బిందెల్లో నీళ్ళు కూడా పారబోస్తారు, పొయ్యి వెలిగించరు. నా భార్య చెల్లెలు అదే ఊళ్ళో పక్క వీధిలో ఉంటుంది. ఆమె ఏడుస్తూ వచ్చింది, ఏడుస్తూనే వంటింట్లోకి వెళ్ళింది, చట్టి ఎత్తుకుపోయి దొడ్లో పారబోసింది. నేను శవం పక్కన కూర్చుని ఆ చప్పుడు విన్నాను. కాకులు దిగిన చప్పుడూ విన్నాను. ఇప్పటికీ అడుగుతున్నాను, చెప్పండి: ఆ చేత్తో ఇన్నేళ్ళు నాకు అన్నం పెట్టింది కదా, మనిషి పోగానే ఆ చేతి వంటకు మైల ఎక్కడి నుంచి వచ్చింది? వచ్చినవాళ్ళలో నాలుగక్షరాలు వచ్చినవాళ్ళు, పురాణాలు చెప్పేవాళ్ళు ఉన్నారు. అందరూ అది ఆచారమని తప్పుకున్నారు. నేను మరదలితో మాట మానేశాను.

మాకు పిల్లలు లేరు. కర్మ అయ్యేదాకా ఇరుగుపొరుగు పెట్టారు. ఆ తర్వాత ఎవరి సంసారం వాళ్ళది. నేను మాత్రం వంటింట్లో అడుగు పెట్టలేదు. ముందు గదిలో కరెంటు కెటిల్ పెట్టుకున్నాను. అంగడిలో నూడుల్స్ పొట్లాలు, నీళ్ళు పోస్తే ఉప్మా అయ్యే డబ్బాలు, చిప్స్, మిక్చర్, బిస్కెట్లు, సీసా పచ్చళ్ళు. వేడినీళ్ళు పోయడం, మూత పెట్టడం, తినడం. నిజం చెప్పాలంటే ఎన్నాళ్ళకో నా నాలుక లేచి కూర్చుంది. ముసలిదైంది నాలుక కాదు, నీ వంటే అని ఆమె ఫోటోతో అన్నాను కూడా.

ఒక పొట్లం మీద "అమ్మ చేతి రుచి" అని రాసి ఉంది. ఎవరి అమ్మ? ఏ ఊరి అమ్మ? లోపల ఏం కలిపారో మాత్రం చీమ తలకాయంత అక్షరాల్లో, పొట్లం అతికించిన మడత కింద వేస్తారు. నేను బడికి పోయినవాణ్ణి కాదు. చిన్నప్పటి నుంచీ సముద్రపు నీళ్ళు ఎండగట్టి ఉప్పు తీసే కొటార్లలో పని. నాకు చదువు వచ్చింది పొట్లాల మీదే. అంగడి నుంచి బెల్లమో చింతపండో తెస్తే, చుట్టిన పాత పేపరు విప్పి, జిడ్డు మరకల మధ్య అక్షరాలు కూడబలుక్కునేవాణ్ణి. కథ సగంలో చిరిగిపోతే మిగతా సగం ఉప్పు మడిలో పని చేస్తూ ఊహించుకునేవాణ్ణి. అలా మొదలైన చదువు, ముసలితనంలో నాకు మిగిలిన ఒకే ఒక్క తోడు. పొట్లమంటే నాకు గురువు. ఆ గురువే ఇలా దొంగతనంగా రాతలు దాచుకుంటాడని నేనెలా అనుకుంటాను?

ఒక మధ్యాహ్నం పేపరు చదువుతూ తలెత్తితే, వంటింటి గుమ్మంలో నల్లగా ఒక నీడ. పొడుగ్గా, కొంచెం పక్కకు ఒరిగి. గుమ్మానికి చెయ్యి ఆనించి నిలబడ్డట్టు.

నేను దయ్యాలను నమ్మను. నమ్మేవాళ్ళతో అరుగుల మీద గొంతు పోయేలా వాదించినవాణ్ణి. కళ్ళు నులుముకున్నాను. పోలేదు. మరునాడూ ఉంది. భయం వేసిందా అంటే, వేసింది. కానీ ఆ భయం కోసమే నేను కుర్చీని గుమ్మం ఎదురుగా జరుపుకున్నాను.

పక్కింటామెతో నోరు జారాను. ఆమె గుండె మీద చెయ్యి వేసుకుంది.

"అన్నా, వదిన ఏందో అడగతా ఉండాది. ఆమెకు ఇష్టమైంది వండి పెట్టన్నా, పోతాది."

"పొమ్మని నిన్నెవరు అడిగినారమ్మా?" అన్నాను. కోపం కూడా వచ్చింది. అడగడానికి రాలేదు ఆమె. దారికి అడ్డంగా నిలబడింది, ఆ సాయంత్రం నిలబడ్డట్టే. చట్టి ముట్టుకోబాక అంటోంది. నేను ముట్టుకోవడం లేదు కదా. కెటిల్‌లో నీళ్ళు కాచుకుంటున్నాను కదా.

కానీ ఆ నీడ గుమ్మంలోనే ఉండిపోలేదు. పేపరు మీదికి వచ్చింది. అక్షరం మీద కన్ను పెడితే ఆ అక్షరం మీదే వచ్చి కూర్చునేది. ఒక పేజీ చదవడానికి పూట పట్టేది. చివరికి పేపరు మడిచి పక్కన పడేసిన రోజు, నేను బస్సెక్కి నెల్లూరులో కంటి డాక్టరు దగ్గరికి పోయాను.

చిన్న వయసు అమ్మాయి. కంట్లో మందు వేసి, లైటు వేసి చాలాసేపు చూసింది.

"పెద్దాయనా, మీకు షుగరు, బీపీ రెండూ బాగా ఎక్కువ ఉన్నాయి. ఎడం కంట్లో సన్న నరాలు చిట్లి రక్తం కారింది. ఆ రక్తమే మీకు నల్లగా కనపడతా ఉంది."

"అయితే అది రక్తమేనా అమ్మా?"

"ఇంకేమనుకున్నారు?"

ఏం తింటున్నారని అడిగితే చెప్పాను. ఆమె కలం కింద పెట్టేసింది.

"లేజరు చేస్తాం, మందులిస్తాం. కానీ ఆ పొట్లాలు మానకపోతే రెండో కన్నూ ఇట్టాగే అవుతాది. అప్పుడు నేను కూడా ఏం చెయ్యలేను. ఇంట్లో వండి పెట్టేవాళ్ళు ఎవరున్నారు?"

"ఉండేది," అన్నాను.

చదువు పోతే నేనేం కావాలి? బస్సులో అదే ఆలోచన. ఇంటికి రాగానే ధైర్యం పోకముందే వంటింట్లోకి నడిచాను. గుమ్మంలో నీడ ఉంది. రక్తమని తెలిసినా కాళ్ళు ఆగాయి. అడుగు వేస్తే అది తొలగలేదు, ముందుకు జరిగింది. పొయ్యి వైపు చూస్తే పొయ్యి దగ్గర, నీళ్ళ బిందె వైపు చూస్తే బిందె దగ్గర. నేను పోయిన చోటికల్లా ముందే పోయి నిలబడింది.

అన్నం మాడ్చాను. పప్పు ఉడకలేదు. అయినా అదే తిన్నాను. మెల్లగా ఆకుకూర పప్పు, కాకరకాయ, మజ్జిగ పులుసు వచ్చాయి. పొట్లాల రుచి మరిగిన నాలుకకు ఏదీ ఆనలేదు. రెండోసారి చూపించుకున్నప్పుడు షుగరు దిగిందని డాక్టరమ్మ చెప్పింది. ఆ ఉషారులో బొమ్మిడాయిలు తెచ్చి, అదే చట్టిలో పులుసు పెట్టాను. అడుగంటుతుందేమోనని గరిటెతో బాగా కలియబెట్టాను.

ఆ వాసనకో, పక్కింటామె చెప్పిందో, మరదలు వచ్చింది. అన్నాళ్ళ తర్వాత మా గుమ్మం తొక్కింది. చట్టిలోకి తొంగి చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఏంది బావా ఇది? చేపల పులుసా, చేపల పప్పా? గరిటె పెట్టినావా? పులుసులో ఎవరన్నా గరిటె పెడతారా? గుడ్డతో చట్టి పట్టుకొని తిప్పాల."

"పారబోయడం నీకు బాగా వచ్చు కదా. ఇది కూడా పారబొయ్యి."

ఆమె నవ్వు ఆగిపోయింది. గోడకు ఆనుకుని కూర్చుంది. తల ఎత్తకుండానే అంది:

"ఆ పొద్దు మూత తీసి చూసినా బావా. ముక్క చెదరకుండా పేర్చినట్టు ఉండాది. మా అక్క చేతి కూడు నాకు మాత్రం మళ్ళీ యాడ దొరకతాది? ఇంటి నిండా జనం, నా వైపే చూస్తా ఉండారు. పారబోసినాక చేతికి అంటిన పులుసు... ఎవరూ చూడకుండా నాకేసినా."

నేనూ వెళ్ళి ఆమె ఎదురుగా కూర్చున్నాను.

"ఎట్టా ఉండింది?"

"బాగుండింది. ఉప్పు తక్కువ."

"తక్కువా?"

"నీకు బీపీ అని ఆరెంపీ డాక్టరు చెప్పిన కాడ్నించీ తగ్గించేసింది కదా. నీకు చెప్పొద్దనింది. ఉప్పు కొటార్ల మనిషి, తెలిస్తే ఇల్లు పీకి పందిరేస్తాడు, తప్పు నాలుక మీదకి తోసేస్తాలే అనింది."

నేను లేచి దొడ్లోకి పోయాను. ఇంట్లో నిలబడలేకపోయాను.

మామిడికాయల కాలం వచ్చేదాకా నేను మళ్ళీ పులుసు జోలికి పోలేదు. ఈలోగా నీడ పలచబడుతూ వచ్చింది. ముందు చెయ్యి పోయింది, తర్వాత భుజం. మసి గుడ్డలాగా, తర్వాత పొగలాగా. డాక్టరమ్మ సంతోషించింది. "రక్తం ఇంకిపోతా ఉంది పెద్దాయనా. మీ తిండి మారింది, అందుకే కొత్తది కారలేదు." నేనూ తల ఊపాను. ఇంటికి వచ్చి, మిగిలిన కాస్త పొగ కోసం గుమ్మం వైపు చూస్తూ కూర్చునేవాణ్ణి. ఒకసారి, ఒకే ఒక్కసారి, అంగడి ముందు ఆగి పొట్లాల దండల వైపు చూశాను. అవి తింటే ఆమె తిరిగి వస్తుంది. అంత చదివిన నా బుద్ధిలో ఆ ఆలోచన వచ్చిందని రాయడానికి సిగ్గుగానే ఉంది. కొనలేదు.

మొన్న మరదలు మామిడికాయలు పాత పేపరులో చుట్టి తెచ్చింది. పులుసు నేనే పెట్టాను. గుడ్డతో చట్టి పట్టుకుని తిప్పాను. ఆమె పక్కన కూర్చుని తిడుతూనే ఉంది. మూత పెట్టి మూలన ఉంచాము.

మర్నాడు ఉదయం మామిడికాయలు చుట్టిన పేపరు విప్పి, కుడి కన్ను మూసుకుని, ఎడం కంటితో చదివాను. ప్రతి అక్షరమూ ఆనింది. చిరిగిన చోటు దాకా చదివాను. తల ఎత్తితే గుమ్మంలో ఎవరూ లేరు. ద్వారబంధం మీద, ఆమె చెయ్యి ఆనించే ఎత్తున, నూనె చేతుల నల్ల మరక ఒకటి ఉంది. ఇన్నాళ్ళూ నీడ వెనకాల దాగి ఉందన్నమాట.

మరదలు వచ్చి, చట్టి తెచ్చి మూత తీసింది. ముక్క చెదరలేదు. అన్నంలో కలుపుకుని నోట్లో పెట్టుకున్నాను.

"ఎట్టుంది బావా? ఉప్పు కావాల్నా?"

తక్కువగానే ఉంది.

"వద్దు," అన్నాను.