అంగుళం తాతయ్య కుట్టిన చేతితొడుగులు

ఆ వీధిలో ఆయన్ని అసలు పేరుతో పిలిచేవాళ్ళు లేరు. అందరికీ అంగుళం తాతయ్యే. నలభై ఏళ్ళుగా పిల్లల బట్టలే కుడుతున్నాడు. గౌనైనా, నిక్కరైనా లోపల మడతలో అంగుళం గుడ్డ వదలందే ఆయన చెయ్యి ఆగదు. "పిల్లలు పెరుగుతారు, గుడ్డ పెరగదు కదమ్మా!" అనేవాడు. వినీ వినీ తల్లులు విసుక్కునేవాళ్ళు గానీ, మరుసటేడు మడత విప్పుకున్నప్పుడు ఆయన్ని తలుచుకోని తల్లి లేదు.

చూపు మందగించాక ఆయన సూదుల్లో దారం ఎక్కించే పని తొమ్మిదేళ్ళ మనవరాలిది. అలాంటి పిల్ల చేతుల మీద పులిపిర్లు లేచాయి. ఒకటి రెండైంది, రెండు పదిహేనయ్యాయి. మందులు పూశారు, కాల్చారు, చల్లటి మందుతో గడ్డకట్టించారు. పోయినట్టే పోయి మళ్ళీ మొలిచాయి, మొండి ఘటాలు! బడిలో ఆటల్లో ఎవరూ ఆ పిల్ల చెయ్యి పట్టుకోలేదు.

తాతయ్య ప్రాణం ఊరుకుంటుందా? మెత్తటి నూలుగుడ్డతో చేతితొడుగులు కుట్టిచ్చాడు. పిల్ల వాటిని తియ్యడం మానేసింది. తొడుగులతో దారం ఎక్కదు కాబట్టి తాతయ్య అడగడమూ మానేశాడు.

చివరికి ఒక చర్మం డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాడు.

"అన్నిటికన్నా పెద్దదాంట్లో మాత్రం ఇంజెక్షన్ ఇస్తానండీ. ఒంట్లో కాపలావాళ్ళు వీటిని చూసీ చూడనట్టు వదిలేశారు. ఈ మందు వాళ్ళని నిద్రలేపుతుంది. లేస్తే మిగతావాటి పనీ వాళ్ళే పడతారు. అందరికీ పనిచేస్తుందని మాత్రం మాటివ్వలేను," అందావిడ.

"ఒక్కచోట కుడితే పదిహేను చిరుగులూ అతుక్కుంటాయా?" అని తాతయ్య గొణిగాడు.

"పోవులే డాక్టర్," అంది పిల్ల. "తాతయ్య తొడుగులక్కూడా మడత వదిలాడు. పెద్దయ్యాక కూడా వేసుకోవాలిగా."

నలభై ఏళ్ళ మంచి అలవాటు పసిదానికి శిక్ష రాసిపెట్టింది. ఇంటికి రాగానే తాతయ్య తొడుగుల కుట్లు విప్పాడు, వదిలిన గుడ్డంతా కత్తిరించి పారేశాడు, సరిగ్గా చేతికొలతకే మళ్ళీ కుట్టాడు.

"కొన్నాళ్ళు పోతే ఇవి పట్టవు. అప్పటికి వీటితో పనీ ఉండదు," అన్నాడు.

డాక్టరమ్మ ఇవ్వని మాట ఈ పెద్దమనిషి ఇచ్చేశాడు! అది తప్పితే పిల్ల మొహం ఎలా చూడాలో ఆయనకే తెలియదు.

మూడు వారాలకొక ఇంజెక్షన్. పిల్ల తాతయ్య కొలత టేపును పిడికిట్లో నలిపేస్తూ ఓర్చుకుంది. రెండయ్యాయి, ఏమీ లేదు. మూడోదయ్యాక పెద్దది అంచుల్లో వదులైంది. ఆ వెనకే సూది తగలని రెండో చేతివి కూడా ఎండి రాలిపోయాయి. నాలుగో నెలకి ఒక్కటీ మిగల్లేదు.

తాతయ్య తెల్లకోటు కుట్టి పట్టుకెళ్ళాడు. డాక్టరమ్మ అంచు తిప్పి చూసి నవ్వింది.

"అంగుళం వదిలారేంటండీ? నేనింకా పెరుగుతానా?"

"మీలాంటివాళ్ళు పెరగాలమ్మా," అన్నాడు. ఆయన కళ్ళు నిండిపోయాయి.

"నేను లేపానంతే. పనంతా మీ మనవరాలి ఒళ్ళే చేసుకుంది."

అయినా పిల్ల అలవాటుకొద్దీ తొడుగులు వేసుకుంటూనే ఉంది. ఒకరోజు బడికి బయల్దేరబోతూ మిషను దగ్గరికొచ్చి నిలబడింది.

"తాతయ్యా, పట్టడం లేదు."

"విప్పడానికి మడత లేదమ్మా."

పిల్ల కాసేపు తన చేతుల్ని చూసుకుంది. తొడుగులు మిషను మీద పెట్టి, సూది తీసుకుని, దారం ఎక్కించి తాతయ్యకిచ్చింది.